తల్లి ఘోడీ కోసం

"కాఁ జా రే సబ్? లడ్కీ దేఖ్నే జా రే క్యా?" అని నవ్వింది అమ్మీ.

ఆదివారం పొద్దున. ఫజర్ నమాజ్ కాగానే అబ్బా ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని, అత్తరు రాసుకుని వరండాలో కూర్చున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులని జుమ్మాకి కూడా ఆటో ఎక్కుతాడు. ఆ రోజు మాత్రం కారు రాకముందే చెప్పులేసుకుని రెడీ.

మేం చూడబోయింది లడ్కీని కాదు, ఘోడీని.

మా ఆపా కొడుక్కి గుర్రాల పిచ్చి. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో సవారీ నేర్చుకున్నాడు. ఉద్యోగం వదిలేసి తాడేపల్లిగూడెం దగ్గర ఓ కొబ్బరితోట లీజుకి తీసుకుని, నాలుగు గుర్రాలు పెట్టుకుని పిల్లలకు సవారీ నేర్పుతున్నాడు. 2021లో ఫవాద్ మీర్జా టోక్యో ఒలింపిక్స్‌లో గుర్రమెక్కాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఆటలో ఒలింపిక్స్‌కి వెళ్లిన హిందుస్తానీ అతనే, ఇరవై మూడో స్థానంలో నిలిచాడు. అప్పట్నుంచీ మావాడిది ఒకటే జిద్. జంపింగ్‌కి పనికొచ్చే గుర్రం కావాలి. బయటి దేశాల నుంచి తెచ్చేది కొనాలంటే మా ఖాందాన్ మొత్తం అమ్ముడుపోవాలి. "కొనలేం ఖాలా, పుట్టించుకోవాలి" అన్నాడు. ఆపా మాట్లాడకుండా తన రెండు కంగన్లు తీసుకెళ్లి బ్యాంకులో పెట్టి డబ్బు తెచ్చిచ్చింది. ఆ కంగన్లు మా దాదీవి. అందుకే ఈ ఘోడీ వ్యవహారం ఇంట్లో అందరిదీ అయింది.

గుర్రాల సంగతి వచ్చేసరికి అందరూ మగ గుర్రం గురించే మాట్లాడతారు. ఏ గుర్రంతో కట్టించాలి, దాని బాప్ ఎవరు, ఎన్ని కప్పులు గెలిచింది అని. మావాడూ అలాగే మొదలుపెట్టాడు. అబ్బా మధ్యలోనే ఆపేశాడు. "పహలే మా కో దేఖ్. నస్ల్ తల్లితో నడుస్తుందిరా."

అబ్బా చదువుకున్నది నాలుగో క్లాసు. కానీ ఆ మాట ఒట్టి పాతకాలం మాటేం కాదు. అరబ్బు బద్దూలు తమ గుర్రాల ఖాందాన్‌ని తల్లుల పేర్ల మీదే లెక్కపెట్టుకునేవాళ్లు. 1938లో కేంబ్రిడ్జ్‌లో వాల్టన్, హామండ్ అనే ఇద్దరు సైంటిస్టులు భారీ షైర్ జాతినీ, పొట్టి షెట్లాండ్ జాతినీ కలిపి చూశారు. తల్లి షైర్ అయినప్పుడు పుట్టిన పిల్ల, తల్లి షెట్లాండ్ అయినప్పుడు పుట్టిన పిల్ల కంటే దాదాపు మూడు రెట్లు బరువుంది. రెండింట్లోనూ కలిసింది అవే జాతులు. తేడా తల్లి కడుపుదే. పుట్టాక కూడా పిల్ల తల్లి వెంటే ఉంటుంది, తల్లిని చూసే భయమూ ధైర్యమూ నేర్చుకుంటుంది. బాప్ ఇచ్చేది ఒక్కసారే. తల్లి పదకొండు నెలలు లోపల, మరో ఆరు నెలలు బయట ఇస్తూనే ఉంటుంది.

అలాగని కప్పులు గెలిచిన ఘోడీ గొప్ప తల్లి అవుతుందన్న గ్యారంటీ లేదు. జర్మనీ వాళ్ల హల్లా అనే ఘోడీ 1956 ఒలింపిక్స్‌లో, గాయపడి సరిగా కూర్చోలేని సవార్‌ని వీపు మీద పెట్టుకుని కూడా గోల్డ్ మెడల్ తెచ్చింది. తర్వాత దానికి ఎనిమిది పిల్లలు పుట్టాయి. ఒక్కటీ తల్లి దరిదాపుల్లోకి రాలేదు. ఈ సంగతి మావాడే చెప్పి తలపట్టుకున్నాడు. "అంటే ఏం చూడాలి నానా?" అనడిగాడు.

"చల్. చూద్దాం" అన్నాడు అబ్బా.

మొదట కైకలూరు వైపు వెళ్లాం. ఏలూరు దాటి కొల్లేట్లోకి దిగగానే రోడ్డుకి రెండు పక్కలా నీళ్లు, గట్లు, మళ్లీ నీళ్లు. అబ్బా కిటికీలోంచి చూస్తూ దేనికోసమో వెతుకుతున్నాడు. వేసవిలో కొల్లేరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన నేల మీద పచ్చగడ్డి లేచేదట. మా దాదా జట్కా విప్పేసి, ఘోడీని అక్కడికి తోలుకొచ్చి రెండేసి రోజులు మేపుకునేవాడట. ఇప్పుడా గడ్డి ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు. చేపల చెరువులు వచ్చి సరస్సుని ముక్కలు చేశాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చెరువు గట్లు కొట్టేశారు. ఆటపాకలో గూడబాతులు మాత్రం ఇంకా వస్తున్నాయి. అబ్బా వాటినీ చూసి, "ఇవి మారలేదు" అన్నాడు.

చెరువుల ఆసామి మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, చాయ్ ఇప్పించాడు. ఘోడీని బయటికి తెచ్చేసరికి నా నోటి నుంచి మాషాఅల్లా అని దానంతటదే వచ్చేసింది. నుఖ్రా. పాలలాంటి తెలుపు, గులాబీ మూతి. మార్వాడీ జాతి. రెండు చెవులూ లోపలికి వంగి కొసలు ఒకదానికొకటి తగులుతున్నాయి. బారాత్‌ల కోసం కొన్నాడట.

మావాడు దాని నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. పళ్లు చూసి వయసు లెక్కేశాడు. తర్వాత పనివాడితో, "తారు రోడ్డు మీద అటు వరకు నడిపించండి. ఇప్పుడు దుల్కీలో వెనక్కి తీసుకురండి" అన్నాడు. గట్టి నేల మీద పరిగెత్తిస్తే కుంటు ఎక్కడున్నా తల ఊపులో బయటపడుతుందట.

నాకెందుకో కడుపులో తిప్పింది. ఇరవై మూడేళ్ల కింద మా ఇంటి హాల్లో ఒకావిడ, "ఒకసారి అటు గోడ దాకా నడిచి రా బేటీ" అంది నాతో. నడిచాను. జడ విప్పి చూపించమంది. చూపించాను. రంగు తక్కువని తర్వాత కబురు పంపారు. తలాడించకుండా నడిచిన ఆ ఘోడీని చూస్తూ, నీ సంగతి నయమే, నిన్ను కనీసం పనికొచ్చేదేదో చూసి వద్దంటారు అనుకున్నాను.

వద్దనే అన్నాం. రెండు సీజన్లు గుర్రంతో కట్టించినా చూలు నిలవలేదని ఆసామే చెప్పాడు. దాచకుండా చెప్పినందుకు ఆయనకి అల్లా బర్కత్ ఇవ్వాలి. ఎప్పుడూ తడి నేల మీద నిలబడి గిట్టల అడుగు మెత్తబడి కుళ్లు వాసన వస్తోంది. మేత ఎక్కువగా తవుడు. మన గోదావరి వైపు గేదెకి పెట్టినట్టే గుర్రానికీ తవుడు పెడతారు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. రోజూ అదే పెడితే ఒంట్లోని ఎముక కరిగి మొహం ఉబ్బుతుంది. చూలుతో ఉన్న ఘోడీ అయితే తన ఎముకలతో పాటు పిల్ల ఎముకలూ పోగొట్టుకుంటుంది. ఉలవలు, జొన్న చొప్ప, పిల్లిపెసర పెట్టమని మావాడు ఆయనకి చెప్పొచ్చాడు.

కార్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అబ్బా అన్నాడు: "ఖూబ్‌సూరత్ హై. బస్, ఉత్నాచ్."

తర్వాత నాలుగు నెలలు ఫోన్లలో వీడియోలే. మలక్‌పేట రేసుల నుంచి రిటైరైన ఘోడీలు దొరుకుతాయి. ఎందుకు రిటైరైందో తెలుసుకోవడమే అసలు పని. పరిగెత్తుతూ నరం తెగితే అది దెబ్బ, పిల్లకి రాదు. కాలి కట్టుబడే వంకరై కుంటితే అది పిల్లకీ రావచ్చు. కొన్నవాళ్లకి చౌకగా వచ్చినట్టే ఉంటుంది, మూడో తరంలో గానీ ఖరీదు తెలీదు. ఈ మాటలు మావాడు చెప్తుంటే అబ్బా ప్రతిదానికీ "హౌ, హౌ" అని తలాడించేవాడు.

చివరికి ఘోడీ దొరికింది గూడెంలోనే, మావాడి తోటకి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో. ఓ మామిడితోట ఆయన పిల్లల కోసం కొన్నాడు. పిల్లలు పెద్దవాళ్లై అమెరికా వెళ్లిపోయారు, ఘోడీ మిగిలిపోయింది. తొమ్మిదేళ్లది. థరోబ్రెడ్. కుమైత్ రంగు, నుదుటి మీద చిన్న తెల్ల చుక్క. ఎత్తు ఓ మోస్తరు, మొహం మామూలు. పాస్‌పోర్టు ఉంది, మెడలో చిప్ నంబరు దాంతో సరిపోయింది. ఒకసారి ఈనింది. ఆ పిల్లకి మూడేళ్లు, కాళ్లు నిటారు, మనిషిని చూస్తే బెదరదు. "తల్లి గురించి పిల్లని అడగాలి" అన్నాడు అబ్బా. అది మాత్రం వీడియోలోనే అడిగాం.

మావాడు కాళ్లు చూస్తుంటే అబ్బా కుర్చీ తెప్పించుకుని దాని దొడ్లోనే కూర్చున్నాడు. గంటసేపు. తస్బీ తిప్పుకుంటూ. మధ్యలో చేతిలోని స్టీలు గ్లాసు కావాలనే రాయి మీద పడేశాడు. ఘోడీ ఒక్క గెంతు గెంతింది. ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. మెల్లగా వచ్చి గ్లాసు వాసన చూసి, తర్వాత అబ్బా గడ్డం దగ్గర అత్తరు వాసన చూసింది.

"యేఇచ్" అన్నాడు అబ్బా.

మావాడు అంతటితో ఆగలేదు. డాక్టర్ని పిలిచి గర్భసంచి స్కానింగ్ చేయించాడు, లోపల చీము ఉందేమో పరీక్ష చేయించాడు. గ్లాండర్స్ పరీక్షకి రక్తం హిస్సార్‌లోని గుర్రాల పరిశోధన కేంద్రానికి వెళ్లింది. ఆ జబ్బు మనుషులకీ అంటుకుంటుంది, పిల్లలు తిరిగే తోటలోకి పరీక్ష లేని గుర్రాన్ని తేకూడదు. రిపోర్టు వచ్చేదాకా డబ్బు ఇవ్వలేదు. పాపం ఆపా రోజూ ఫోన్ చేసి, "నమాజ్‌లో దువా చెయ్యి" అనేది.

ఘోడీ తోటకి వచ్చిన రాత్రి మేమంతా గూడెంలోనే ఉండిపోయాం. అన్నాలయ్యాక మావాడు హుషారుగా లెక్కలు చెప్తున్నాడు. చూలు కట్టాక కూడా ఆరు నెలల దాకా పిల్లలకి సవారీ నేర్పొచ్చు, దాంతో దాణా ఖర్చు వచ్చేస్తుంది అని. అబ్బా ఉన్నట్టుండి, "నక్కో" అన్నాడు.

తర్వాత చెప్పాడు. నాకు యాభై దాటాయి, అప్పటిదాకా ఎప్పుడూ వినలేదు.

అబ్బాకి పదేళ్లప్పటి మాట. మా దాదా ఏలూరు స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఘోడీ పేరు బిజ్లీ. అదీ కుమైతే. చూలుతో పదో నెల. దాదీ చెప్పింది, పొరుగువాళ్లు చెప్పారు, బండి కట్టొద్దని. అది పెళ్లిళ్ల సీజన్. ఇంట్లో ఆరుగురు పిల్లలు. నలుగురు మనుషులు, రెండు ట్రంకు పెట్టెలు. కాలవ వంతెన ఎక్కుతుంటే బిజ్లీ మోకాళ్ల మీద కూలబడింది. ఆ రాత్రి పిల్ల చచ్చి పుట్టింది. మూడో రోజున బిజ్లీ కూడా పోయింది. ఆ మూడు రోజులూ దాదా దాని పక్కనే గోనెపట్టా మీద పడుకున్నాడట. తర్వాత బండి అమ్మేసి, తంగెళ్లమూడిలో తివాచీల మగ్గం మీద కూలికి కూర్చున్నాడు. చచ్చేదాకా మళ్లీ గుర్రం పేరెత్తలేదు.

"ఆయన తప్పని నేననను" అన్నాడు అబ్బా. "ఆ రోజు సాయంత్రం మేం ఆ డబ్బులతోనే అన్నం తిన్నాం. నేనూ తిన్నాను."

ఆపా లేచి వెళ్లి అబ్బా పక్కన కూర్చుంది. మావాడు చాలాసేపు నేల చూపులు చూసి, "డాక్టరు కొంచెం నడక మంచిదన్నాడు నానా. వీపు మీద ఎవర్నీ ఎక్కించను. నేనే పట్టుకుని నడిపిస్తా" అన్నాడు. అబ్బా ఒప్పుకున్నాడు. మరో షరతు కూడా పెట్టాడు. పిల్ల ఎలాంటిదైనా, గెలిచినా గెలవకపోయినా, తల్లిని అమ్మకూడదు.

మార్చిలో కట్టించాం. పదహారో రోజు స్కానింగ్. డాక్టరు తెర మీద చిన్న నల్లటి గుండ్రం చూపించాడు. గుర్రానికి కవలలు ప్రమాదం, ఎక్కువసార్లు రెండూ దక్కవు. అందుకే అంత తొందరగా చూస్తారు. అబ్బా కళ్లద్దాలు తుడుచుకుని ముందుకి వంగి, "ఒక్కటేనా?" అన్నాడు.

"ఒక్కటే బాబాయిగారూ."

"అల్హందులిల్లా."

ఫిబ్రవరిలో ఈనాలి. కంగన్లు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. వడ్డీ కడుతున్నాం.

ఇప్పుడు ప్రతి శనివారం అబ్బా ఏలూరు పాత బస్టాండ్‌లో గూడెం బస్సెక్కుతున్నాడు. మోకాళ్ల నొప్పుల సంగతి ఎవరూ గుర్తు చేయడం లేదు. లాల్చీ జేబులో కాగితంలో చుట్టిన బెల్లం ముక్క. మొన్న బయల్దేరుతుంటే అమ్మీ వెనక నుంచి అరిచింది, "సమ్‌ధన్‌ని అడిగానని చెప్పండి!"

అబ్బా గేటు దగ్గర ఆగి, సీరియస్‌గా, "చెప్తాలే" అన్నాడు.