పాయింటుకు పావలా

సిరిమానోత్సవానికి విజయనగరం చేరిన చుట్టాలమంతా రాత్రి మావయ్య డాబా మీద రమ్మీకి కూర్చుంటాం. పాయింటుకు పావలా లెక్క. ఫుల్ కౌంట్ 80 పడినా పోయేది 20 రూపాయలే. ముక్కలు విప్పుతాను: జోకర్ లేదు, సీక్వెన్స్ జాడ లేదు. డ్రాప్ చెప్పాలా, ఇంకో ముక్క లాగాలా? ఆ తర్జనభర్జనే నాకిష్టం. అత్తయ్యకైతే ఎవరు ఏ ముక్క పారేశారో అంతా గుర్తే. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని సుప్రీంకోర్టు 1967లో అన్నది ఆమె ఆట చూస్తే నిజమనిపిస్తుంది. ఈ ఊరి గురజాడ కూడా ‘కన్యాశుల్కం’లో మధురవాణి చేత పేకాట ఆడించారు.

ఫోన్లో డబ్బులాట వేరు. అక్కడ ఎదుటి మనిషి మొహం కనబడదు, ‘ఇక చాల్రా’ అనే మావయ్య ఉండడు. 2020లో రాష్ట్రం, 2025లో కేంద్రం దాన్ని నిషేధించడం సబబే. మీ ఇంట్లో అలా ఆడేవాళ్లుంటే, ఈ పండక్కి డాబా మీదకు పిలవండి.