గొంగడి కింద బొబ్బెర్లు

ముందే చెప్తున్నా, నేను తెలుగును పదో తరగతి దాకా మార్కుల కోసం మాత్రమే చదివిన బాపతు. ఒత్తులు తప్పితే క్లబ్బు వాళ్లే దిద్దుకోవాలి. అయినా ఈ సంగతి ఇంగ్లీషులో రాస్తే నాయినమ్మకి చదివి వినిపించలేను. అందుకే ఇలా.

మా ఇంట్లో ఒక గురిగి ఉంది. దాంట్లో బూడిద, బూడిదలో బొబ్బెర్లు. నాయినమ్మ పండించిన చివరి పంటలో విత్తనానికని దాచినవి. ఆ చేను, ఆ ఊరు ఇప్పుడు మల్లన్నసాగర్ నీళ్ల కింద ఉన్నాయి. 2022 ఫిబ్రవరి 23న 50 టీఎంసీల ఆ రిజర్వాయర్ ప్రారంభం అవుతుంటే నేను టీవీలో చూశాను. నాయినమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. గజ్వేల్ దగ్గరి కాలనీలో వాళ్లకి ఇల్లు వచ్చింది కానీ, తాత పోయినంక ఒక్కతే ఉండలేక సిద్దిపేటకు మా దగ్గరికి వచ్చేసింది. తెచ్చుకున్న సామానులో నాకు గుర్తున్నవి రెండే: ఒక నల్ల గొంగడి, ఈ గురిగి.

మాది గ్రౌండ్ ఫ్లోర్ కిరాయి ఇల్లు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. డాబా మీద ఎండ బాగానే ఉంటుంది, కానీ డాబా కోతులది. 2024 వానకాలంలో నాయినమ్మ రెండు బకెట్లలో మట్టి నింపి గింజలు పెట్టింది. జానెడు ఎదిగాయి. ఒకరోజు పొద్దున కోతుల మంద వచ్చి ఒక్కొక్కటీ వేళ్లతో సహా పీకి, వాసన చూసి, పారేసి పోయింది. తిన్నా అంత బాధ ఉండేది కాదేమో. గురిగిలో లెక్కపెడితే 23 గింజలు మిగిలాయి. అప్పటికే నాలుగేండ్ల గింజలు. ఏటికేడు మొలిచేవి తగ్గిపోతాయి అని ఆమెకు తెలుసు, ఆమె ముఖం చూసి నాకూ తెలిసింది.

సరిగ్గా అప్పుడే, 2024 డిసెంబర్ 30న, శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ సీ60 లేచింది. దాని చివరి దశలో ఇస్రో వాళ్లు ఒక చిన్న డబ్బా పెట్టారు. అందులో 8 గింజలు, ఎల్ఈడీ లైట్లు. నాలుగు రోజుల్లో మొలకలు వచ్చాయి, తర్వాత ఆకులు కూడా. ఏం గింజలు అనుకున్నారు? బొబ్బెర్లే. ఫోన్లో ఫోటో చూపిస్తే నాయినమ్మ కండ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి "ఆకాశంల మొలుస్తయి గనీ సిద్దిపేటల మొలువయి" అన్నది. నాకు రోషం వచ్చింది. ఇంట్లోనే, లైటు కింద పెంచుదాం అన్నాను. ఆమె ఇస్రో లెక్కనే 8 గింజలు ఇచ్చింది.

ఇక లైటు. నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే గ్రాఫు. పత్రహరితం నీలం దగ్గర ఒక గుట్ట, ఎరుపు దగ్గర ఇంకో గుట్ట, మధ్యలో ఆకుపచ్చ దగ్గర లోయ. అంటే మొక్కకు పచ్చ వెలుగు దండగ, ఎరుపు నీలం ఉంటే చాలు అని అర్థం చేసుకున్నా. 900 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఊదా రంగు లైటు తెప్పించా. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా, 16 గంటలు. హాలంతా ఊదా రంగు. పక్కింటి ఆంటీ వచ్చి "ఏం దుకాణం పెడుతున్నరు?" అని అడిగింది.

ఐదు మొలిచాయి. వారం తిరిగేసరికి దారాల్లాగా సాగి, రెండు పడిపోయాయి. మిగతావాటికి ఏమైందో చూద్దామంటే ఆ లైటు కింద ఆకులన్నీ నల్లగా కనిపిస్తాయి. నాయినమ్మ పంటను ఆకు రంగు చూసి చెప్తుంది: నీళ్లు తక్కువైనయా, ఎరువు తక్కువైందా, తెగులా. ఆమె చెట్టు దగ్గర కూర్చుని "నాకేం కానొస్తలేదు బిడ్డా" అన్నది. కండ్లు పోయాయేమో అని భయపడింది కూడా. లైటు ఆర్పి కిటికీ దగ్గరకు తీసుకెళ్తే ఆకులు లేత పసుపు. ఆమె కండ్లు బాగానే ఉన్నాయి.

అప్పుడు కూర్చుని సరిగ్గా చదివాను. (సెమిస్టర్ పరీక్షలకు చదివి ఉంటే ఒక బ్యాక్‌లాగ్ తగ్గేది.) ఆ గ్రాఫు ఆకుది కాదు. ఆకులోంచి పత్రహరితాన్ని తీసి ద్రావణంలో కలిపి కొలిచింది. నిజమైన ఆకులో పచ్చ వెలుగు అటూ ఇటూ చెదిరి, లోపలి పొరల దాకా పోయి, చాలావరకు పనికొస్తుంది. 1972లోనే మెక్‌క్రీ అనే ఆయన 22 రకాల పంట మొక్కల ఆకుల మీద ఒక్కో రంగు వేసి కొలిచాడు. ఎరుపు బాగా పనిచేస్తుంది, నిజమే, కానీ పచ్చ దగ్గర గ్రాఫులో కనిపించేంత లోయ లేదు. అంతరిక్ష కేంద్రంలో నాసా వాళ్ల కూరగాయల పెట్టెలో ఎరుపు, నీలంతో పాటు పచ్చ ఎల్ఈడీలు కూడా ఉన్నాయి. ఎందుకంటే, మనుషులకు మొక్క మామూలు రంగులో కనిపించాలని. మా నాయినమ్మ అడిగిందీ అదే కదా.

నా అసలు తప్పు రంగు కూడా కాదు, మోతాదు. మధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. మన హాల్లో ట్యూబ్‌లైటు వేస్తే రెండు మూడు వందలు. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి తేడా తెలియదు, మొక్క సర్దుకోలేదు. వెలుగు కోసం మెడ చాస్తుంది. ఫోన్లో లక్స్ యాప్‌తో ఊదా లైటును కొలిచి మురిసిపోయా గానీ, లక్స్ అనేది మనిషి కన్నుకు కట్టిన లెక్క. కన్నుకు పచ్చ బాగా ఆనుతుంది, లోతు ఎరుపు సరిగా ఆనదు. ఆ కొలతతో ఊదా లైటును తూచడం అంటే తరాజుతో పొడుగు కొలిచినట్టే.

కరెంటు సామాన్ల దుకాణంకి పోయి 20 వాట్ల మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబులు ఆరు అడిగా. "పెండ్లా తమ్మీ?" అన్నాడు. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం చిప్పే, దాని మీద పూసిన పసుపు పొడి మిగతా రంగులు ఇస్తుంది. అంటే నీలం ఉంది, పచ్చ ఉంది, కొంత ఎరుపూ ఉంది. కాండం సాగకుండా మొక్క గట్టిగా ఉండటానికి ఆ నీలం మంచిదే. పాత పుస్తకాల అర తీసి, లోపల తెల్ల చార్టులు అంటించి, జానెడు ఎత్తులో ట్యూబులు కట్టా. నాయినమ్మ సాగిన కాండాల మొదట్లోకి మట్టి ఎగదోసింది. మూడు బతికాయి. ఆకులు ముదురు పచ్చగా తిరిగాయి, ఆమె వాటిని చూసి రోజూ ఏదో ఒకటి చెప్పేది.

ఇక్కడ బాపు రంగంలోకి దిగాడు. ఆరు ట్యూబులు 120 వాట్లు, 16 గంటలు, నెలకు దాదాపు 58 యూనిట్లు. మాకు గృహజ్యోతి ఉంది. 200 యూనిట్లు దాటితే ఆ నెల జీరో బిల్లు పోతుంది. బాపు రోజూ పొద్దున బ్రష్షు నోట్లో పెట్టుకుని మీటర్ చదివేవాడు. ఆయన ఏమీ అనలేదు, నంబర్ మాత్రం గట్టిగా చదివేవాడు.

మార్చి వచ్చింది. తీగలు గుబురుగా పెరిగాయి, పూత మాత్రం లేదు. రెండు నెలలు దాటింది. ఎరుపు ఎక్కువుండే లైటు కలపాలా, పసుపు తెలుపు కొనాలా అని నేను మళ్లీ రంగుల్లో పడ్డా. ఆ హాల్లోనే పడుకునే నాయినమ్మ ఒక రాత్రి లేచి కూర్చుని "నాకు నిద్ర లేదు, దానికీ నిద్ర లేదు. చీకటి లేకుంటె పూత ఎట్ల పెడ్తది?" అన్నది. లైటుకు నిద్ర పట్టక గొణుగుతోంది అనుకున్నా. అప్పుడు చెప్పింది: ఊర్లో వాళ్ల చేను అంచున కరెంటు స్తంభానికి లైటు వేసిన ఏడు, ఆ వెలుగు పడ్డంత మేర బొబ్బెర్లు ఆకు మీదనే ఉన్నాయట, మిగతా చేను అంతా కాసింది.

వెతికితే అది అక్షరాలా నిజం. మన పాత నాటు బొబ్బెర్లలో చాలావరకు రాత్రి పొడుగైతేనే పూస్తాయి. వానకాలంలో వేస్తే దసరా వైపు పొద్దు తగ్గుతుంటే పూత వస్తుంది. ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఎర్ర వెలుగును పట్టుకుని, రాత్రి ఎంత పొడుగో లెక్క పెడుతుంది. ఎదగడానికి బోలెడు వెలుగు కావాలి గానీ, ఈ లెక్క చెడగొట్టడానికి కొంచెం చాలు. మేం పదింటి దాకా టీవీ చూస్తే వేసే ట్యూబ్‌లైటు కూడా.

నేను ఏ రంగు అని మూడు నెలలు వెతికాను. దానికి కావాల్సింది నలుపు.

పొద్దున ఏడుకు లైటు వేసి సాయంత్రం ఆరుకు ఆర్పడం మొదలుపెట్టాం. టీవీ వెలుగు పడకుండా నాయినమ్మ గొంగడి తీసి అర మీద కప్పింది. నెలకు 40 యూనిట్లకు దిగింది. బాపు నంబర్ చదవడం మానేశాడు. మూడున్నర వారాలకు ఒక పొద్దున గొంగడి తీస్తే లేత ఊదా పువ్వు. తేనెటీగలు లేవు కదా ఎట్లా అనుకున్నా గానీ, బొబ్బెర పువ్వు తనకు తనే పరాగం వేసుకుంటుంది. మధ్యాహ్నానికి ముడుచుకుపోయింది. ఆ రోజు క్లాసుకు పోలేదు, అటెండెన్స్ సంగతి సార్ చదవకూడదు.

మే చివరికి మూడు చెట్లకు 7 కాయలు ఎండాయి. నాయినమ్మ చాటలో ఒలిచి లెక్కపెట్టింది, నన్ను కూడా లెక్కపెట్టమంది. 61. గుడాలు చేసుకుంటే ఒక గుక్కెడు కూడా కావు. మళ్లీ బూడిద కలిపి గురిగిలో పోసింది. మిరుగం నాటికి అందులోంచి 20 గింజలు కాగితంలో పొట్లం కట్టి, కాలనీలో ఉన్న వాళ్ల ఊరి అక్కకు బాపుతో పంపింది. అక్కడ ఇంటి వెనక కొంచెం జాగ, మంచి ఎండ ఉన్నాయి.

కోతులు అక్కడ కూడా ఉన్నాయట.