రియోహాలో ఏళ్ల లెక్క, ముప్పాళ్ళలో గంటల లెక్క

స్పెయిన్‌లో వైన్ వయసు ఏళ్లలో చెబుతారు. మా పల్నాడులో కల్లు వయసు గంటల్లో చెబుతారు. ఈ రెండు లెక్కలూ చూశాక, పాత రుచి నిలబడాలంటే ఏం కావాలన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

సత్తెనపల్లి దాటి ముప్పాళ్ళ వైపు వెళ్తే మిరప, పత్తి చేల గట్ల మీద తాడిచెట్లు కనిపిస్తాయి. మార్చిలో కళ్లాల నిండా ఎర్రగా మిరపకాయలు. ఆ ఘాటుకి తుమ్ముకుంటూనే తెల్లవారుజామున చేలోకి వెళ్లాం. గీత కార్మికుడు మోకు వేసుకుని చెట్టెక్కాడు. గెల చివర కత్తితో పల్చగా చెక్కి, నిండిన కుండ దించి, మరో కుండ కట్టాడు. సాయంత్రం మళ్లీ ఎక్కాలి. రోజుకు రెండుసార్లు, చెట్టు చెట్టుకీ.

తాటాకు దొప్పలో పోస్తూ అన్నాడు: "ఇప్పుడైతే తీపి బాబూ. పది దాటితే పులుపెక్కుద్ది. సాయంత్రానికి తలకెక్కుద్ది. రేపటికి పారబొయ్యాల్సిందే."

"మరి అదే కుండ ఎందుకు బాబాయ్, కొత్తది కట్టకుండా?"

"కొత్త కుండకి అంత తొందరగా పొంగు రాదయ్యా."

ఆయన చెప్పింది సైన్సే. పాత కుండ గోడలకి అంటుకున్న ఈస్టే కొత్త రసాన్ని పులియబెడుతుంది. అదే కుండ లోపల సున్నం పూస్తే పులుపు ఆగిపోతుంది. ఆ రసాన్ని కాస్తే తాటిబెల్లం.

ఇక స్పెయిన్. రియోహా ప్రాంతంలోని లోగ్రోన్యోలో లౌరెల్ వీధి అని ఒకటుంది, సందు పొడుగునా చిరుతిళ్ల బార్లే. అక్కడ పక్కపక్కనే రెండు గ్లాసులు రుచి చూశాను. ఒకటి పాత పద్ధతి: అమెరికన్ ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి మగ్గి, రంగు ఇటుక లాగా తేలి, వెనీలా వాసన వేస్తోంది. రెండోది కొత్త పద్ధతి: ఫ్రెంచ్ ఓక్‌లో తక్కువ కాలం ఉంచింది, నేరేడుపండు రంగు, పండు రుచి ఎక్కువ. నా ఓటు పాతదానికే.

తమాషా ఏమిటంటే, అక్కడి "సంప్రదాయం" కూడా ఒకప్పటి కొత్త ఫ్యాషనే. 1850ల్లో, 60ల్లో మార్కేస్ దె మురియేటా, మార్కేస్ దె రిస్కాల్ లాంటివాళ్లు ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి పీపా పద్ధతి తెచ్చారు. ఇప్పుడదే తాతల నాటి రుచి! అయినా పాతా కొత్తా ఒకే బల్ల మీద ఉంటాయి. సీసా మీద "క్రియాంసా" అంటే ఎర్ర వైన్‌కి కనీసం రెండేళ్లు, "రెసెర్వా" అంటే మూడు, "గ్రాన్ రెసెర్వా" అంటే ఐదు. ఏది కొంటున్నామో కొనేవాడికి తెలుసు.

మన కల్లుకి ఆ చీటీ లేదు. కొత్త పద్ధతి అంటే మనవాళ్లు నీరా చూపిస్తారు. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. చల్లగా, శుభ్రంగా ఇస్తారు, మంచిదే. కానీ నీరా అంటే గడియారం ఆపేసిన కల్లు. ద్రాక్షరసం గ్లాసులో పోసి ఇదే రేపటి వైన్ అంటే స్పెయిన్ వాడు ఒప్పుకుంటాడా?

అసలు భయం నీరాతో కాదు. ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులు కలిపిన నీళ్లు కూడా కల్లు పేరుతోనే అమ్ముడుపోతున్నాయి. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులే పోయారు. చెట్టు కల్లేదో, మందు కల్లేదో చూసి చెప్పే దారి తాగేవాడికి లేదు. చెడ్డపేరు మాత్రం చెట్టెక్కేవాడికి.

"మీ అబ్బాయి ఎక్కుతాడా?" అని ముప్పాళ్ళలో అడిగాను.

"వాడు ఫోన్ టవరైనా ఎక్కుతాడు గానీ తాడెక్కడు" అని నవ్వాడాయన. గెల వేయడానికి తాడిచెట్టుకి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. ఆ చెట్టు మీద చెయ్యి కుదరడానికి మనిషికీ కొన్నేళ్లు కావాలి.

ముప్పాళ్ళ వెళ్తే ఎండలు ముదరకముందే, పొద్దున ఏడు లోపే వెళ్లండి. చెట్టు కిందే తాగండి. ఊరికి తీసుకెళ్దామని సీసాలో పోసి మూత మాత్రం బిగించకండి. సగం దారిలో పొంగి పేలుద్ది.