పియానోకు పుట్టిల్లు... ఆ అడవి!

పియానో అనగానే నల్లగా నిగనిగలాడే పెట్టె, తెల్లటి మెట్లు, వాటిమీద పరుగులు తీసే వేళ్లు గుర్తొస్తాయి. ఆ నాదం పుట్టిల్లు చూడాలంటే మాత్రం కొండలెక్కాలి. ఉత్తర ఇటలీలో, ఆల్ప్స్‌ పర్వతాల నడుమ ఉంది ఫియెమ్మె లోయ. దానికి ఎగువన పనెవేజ్జో అడవి. వాద్యాలు తయారుచేసేవాళ్లకు అదో పుణ్యక్షేత్రం!

ట్రెంటో నగరం నుంచి బస్సెక్కితే కవలేసె, తెసెరో, ప్రెదాజ్జో ఊళ్లు దాటాక సముద్రమట్టానికి సుమారు 1500 మీటర్ల ఎత్తులో ఈ అడవి ఎదురవుతుంది. ఎటు చూసినా నిటారుగా నిలిచిన స్ప్రూస్‌ చెట్లే. మన హిమాలయాల దేవదారుకు దూరపు చుట్టాలివి. వయొలిన్ల మాంత్రికుడు స్ట్రాడివారి స్వయంగా ఇక్కడికొచ్చి చెట్లు ఎంచుకునేవాడని ఓ కథ. అందుకే దీనికి ‘వయొలిన్ల అడవి’ అని పేరు.

ఈ చెట్టులో అంత గొప్పేముంది? ఇక్కడ వేసవి చిన్నది, చలికాలం పెద్దది. దాంతో చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది. కాండంలో వలయాలు సన్నగా, సమానంగా ఏర్పడతాయి. చెక్క తేలిగ్గా ఉంటూనే బిర్రుగా ఉంటుంది. గాలిలో సెకనుకు 340 మీటర్లు వెళ్లే శబ్దం, ఈ చెక్క నార వెంబడి అయిదు కిలోమీటర్లకు పైగా దూసుకెళ్తుంది!

తీగ గొంతు చిన్నది

పియానోలో దాదాపు 230 తీగలుంటాయి. అన్నీ కలిసి లాగే బలం ఇరవై టన్నుల దాకా ఉంటుంది. అయినా సన్నటి తీగ ఒంటరిగా గాలిని పెద్దగా కదిలించలేదు. దాని కంపనాన్ని ముందు ‘బ్రిడ్జి’ అందుకుంటుంది. మేపుల్‌ లాంటి గట్టి కర్రతో చేసే ఈ పట్టీ మన వీణ మీది గుర్రం లాంటిది. అక్కణ్నుంచి కంపనం కింద ఉన్న సౌండ్‌బోర్డుకు చేరుతుంది. సెంటీమీటరు లోపు మందం ఉండే ఆ స్ప్రూస్‌ పలకే అసలు గొంతు.

కిటుకంతా ఇక్కడే. సుత్తి తగలగానే తీగకు వచ్చే శక్తి నెల జీతం లాంటిది. పలక మరీ పల్చగా ఉంటే మొదటి వారంలోనే ఖర్చుపెట్టేస్తుంది. శబ్దం ఘనంగా మోగి చటుక్కున ఆగిపోతుంది. మరీ మందంగా, బరువుగా ఉంటే పిసినారిలా పొదుపు చేస్తుంది. నాదం చాలాసేపు నిలుస్తుంది కానీ వెనక వరసలోవాళ్లకు వినపడదు. ఈ రెంటికీ మధ్య సర్దుబాటే తయారీదారు పనితనం. అందుకే పలక అడుగున కర్ర బద్దలు అతికిస్తారు, మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా వంపు తెస్తారు. బ్రిడ్జి ఎక్కడ కూర్చోవాలన్నదీ ముఖ్యమే. అంచుకు మరీ దగ్గరైతే అక్కడ పలక కదలదు, మంద్రస్వరాలు బలహీనపడతాయి.

ఈ పలకలు తయారుచేసే కార్ఖానా తెసెరోలోనే ఉంది. సచీలె పట్టణంలోని ఫజియోలి పియానోలకు వాడేదీ ఫియెమ్మె స్ప్రూసే. ఇంజినీరు, పియానో కళాకారుడూ అయిన పావోలో ఫజియోలి 1981లో స్థాపించిన సంస్థ అది. వాళ్ల ‘ఎఫ్‌308’ పియానో పొడవు 3.08 మీటర్లు!

ఒక్క రాత్రిలో...

2018 అక్టోబరు 29. ‘వాయా’ తుపాను ఈశాన్య ఇటలీని ఊపేసింది. శిఖరాల మీద గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. లక్షలాది చెట్లు అగ్గిపుల్లల్లా ఒరిగిపోయాయి. పనెవేజ్జో కూడా తప్పించుకోలేదు. కూలిన దుంగల్లో వాద్యాలకు పనికొచ్చేవాటిని ఏరి దాచారు. ఆ తర్వాత బెరడు తొలిచే పురుగు విజృంభించి, నిలిచిన చెట్లనూ ఎండబెట్టింది. సౌండ్‌బోర్డుకు పనికొచ్చే చెట్టు ఎదగడానికి నూట యాభై ఏళ్లయినా కావాలి. అంటే ఈరోజు నాటిన మొక్క స్వరం మన మనవళ్లు కూడా వినలేరు. అయినా అక్కడివాళ్లు మొక్కలు నాటుతూనే ఉన్నారు. ఈ లోయవాసుల ఉమ్మడి సంఘానికి మూలమైన ఒప్పందం 1111 నాటిది. తరాల లెక్క వాళ్లకు కొత్త కాదు.

వెళ్లాలంటే వేసవి మేలు. పనెవేజ్జోలో సందర్శకుల కేంద్రం, లేళ్ల ఆవరణ, త్రవిన్యోలో వాగు లోయ మీద వేలాడే వంతెన ఉన్నాయి. ప్రెదాజ్జో దగ్గరి ‘పాడే అడవి’నీ మరిచిపోవద్దు. సంగీతోత్సవానికి వచ్చే కళాకారులు అక్కడ తలో చెట్టును ఎంచుకుంటారు. దానికి వాళ్ల పేరే పెడతారు!