మా బండికి వచ్చిన మాయరోగం

రోగాల్లోకెల్లా చెడ్డ రోగం ఏదని అడిగితే వైద్యులు ఏమంటారో గాని, బండిని నమ్ముకుని బతికే ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక నేను మాత్రం ఒకటే చెబుతాను: డాక్టరు గుమ్మం ఎక్కేసరికి తగ్గిపోయే రోగం. పూర్తిగా చెడిపోయిన యంత్రం మర్యాద తెలిసిన యంత్రం. ఎవరు ఎప్పుడు చూసినా చెడిపోయే కనిపిస్తుంది. ఓసారి పనిచేసి ఓసారి మొరాయించేదాని సంగతి అలా కాదు. మిస్త్రీ ముందు పదిసార్లు తాళం తిప్పితే పదిసార్లూ బుద్ధిగా స్టార్టవుతుంది. ఇంటికి తెచ్చుకున్నాక, సరిగ్గా మబ్బు పట్టిన సాయంకాలం చూసుకుని, ఒక్క “టక్” మని ఊరుకుంటుంది.

మాది ద్రాక్షారామం. పంచారామాల్లో ఒకటిగా, భీమేశ్వరస్వామి వెలసిన ఊరుగా మీలో చాలామంది వినే ఉంటారు. మా నాన్నకి ఓ పాత డీజిల్ పికప్ బండి ఉంది. వయసులో నాకంటే రెండేళ్ళే చిన్నది. సార్వా, దాళ్వా కోతలప్పుడు కళ్ళాల నుంచి మిల్లులకి ధాన్యం బస్తాలు తోలుతుంది. మిగతా రోజుల్లో కొబ్బరికాయలు, అరటి గెలలు. పెళ్ళిళ్ళ రోజులొస్తే షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు. నేను విశాఖపట్నంలో ఉండి ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుకుంటున్నానంటే హాస్టల్లో నా మెస్ బిల్లు కడుతున్నది నాన్న అనడం ఎంత నిజమో, ఆ బండి అనడం కూడా అంతే నిజం.

ఆ బండికి ఏడాది పాటు ఈ మాయరోగం పట్టుకుంది. వారంలో ఐదు రోజులు బాగానే ఉండేది. ఆరోనాడు సెల్ఫ్ తిరిగేది కాదు. నలుగురు పట్టి తోస్తే ఇంజను అందుకునేది. ఇక ఆ తరువాత రెండు మూడు రోజులు ఏ జబ్బూ ఎరగనట్టు నడిచేది.

మెట్ట ప్రాంతాల వాళ్ళకి ఇది పెద్ద కష్టంగా తోచకపోవచ్చు. బండిని దిగుడులో ఆపుకుంటే తెల్లారి దొర్లించి స్టార్టు చేసుకోవచ్చు. కాని గోదావరి డెల్టాలో దిగుడు ఎక్కడిది? కాటన్ దొర హయాంలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలవలు పారించిన నేల మాది. నీరు నెమ్మదిగా పారేటంత వాలుందే గాని బండి దొర్లేటంత వాలు లేదు. ఉన్న దిగుళ్ళల్లా కాలవ వంతెనలకి అటూ ఇటూ ఉండేవే. దాంతో నాన్న టీ ఎక్కడ బాగుంటుందో చూసి ఆగడం మానేశాడు. వంతెన ఎక్కడుందో చూసి, అక్కడ దొరికిన టీ తాగేవాడు. వంతెన లేని చోట ఇంజను ఆపేవాడే కాదు. అన్నం తిన్నంతసేపూ బండి వాకిట్లో గుర్రుమంటూనే ఉండేది. ఆ డీజిలు ఖర్చు మా అమ్మకి కూరలో ఉప్పులా ప్రతి ముద్దలోనూ తెలిసేది.

వైద్యం జరగలేదనుకునేరు. జరగాల్సిన దానికన్నా ఎక్కువే జరిగింది. మొదటి మిస్త్రీ చూసి “ఆయ్, బ్యాటరీ అయిపోయిందండీ” అన్నాడు. కొత్త బ్యాటరీ వేయించాం. పన్నెండు రోజులు బాగుంది. రెండో ఆయన సెల్ఫ్ మోటారు విప్పి కార్బన్ బ్రష్షులూ బుష్షులూ మార్చాడు. ఓ పదిహేను రోజులు బాగుంది. తరువాత సాలినాయిడ్ మార్చారు, ఆ తరువాత తాళం పెట్టే స్విచ్చి మార్చారు. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్ళు గుణం కనిపించింది. దానంతటదే తగ్గి, దానంతటదే వచ్చే రోగానికి ఏ మందు వేసినా పనిచేసినట్టే ఉంటుంది. మిస్త్రీలని అనడానికి లేదు. వాళ్ళు చూసేవేళకి బండి ఆరోగ్యంగా ఉండేది. ఆరోగ్యంగా ఉన్న బండిలో రోగం ఎక్కడని వెతుకుతారు?

చివరికి నింద బండి మీంచి మనిషి మీదికి వెళ్ళింది. నాన్న దగ్గర నాలుగేళ్ళుగా పనిచేస్తున్న క్లీనరు కుర్రాడు రాత్రుళ్ళు బండిలో పడుకునేవాడు. పాటలు పెట్టుకుని బ్యాటరీ దించేస్తున్నాడని ఎవరో అన్నారు. నిజమే కాబోలని నాన్న అనుకున్నాడు. ఓ పొద్దున్న “రేపట్నించి రావద్దులేరా” అన్నాడు. వాడు మారు మాట్లాడకుండా తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మొన్నటి కార్తీకంలో నేను సెలవులకి వెళ్ళేసరికి ఇదీ పరిస్థితి. పంచారామాల యాత్రా బస్సులతో గుడి వీధి కిటకిటలాడుతోంది. పొలాల్లో సార్వా కోతలు. బంగాళాఖాతంలో అల్పపీడనమని రేడియో చెబుతోంది. ఆ సాయంకాలం ఓ రైతు కళ్ళంలో బస్తాలు సగం ఎక్కించాక, బండిని కాస్త ముందుకి జరపబోతే “టక్” మంది. మెత్తటి నేలలో బరువుతో ఉన్న బండిని ఎంతమంది తోసినా కదల్లేదు. చినుకులు పడే వేళకి బస్తాలన్నీ దించి ట్రాక్టరు మీదికి ఎక్కించారు. ఆ రైతు నాన్నని ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు వేరే బండిని పిలిచాడు. తిట్టినా బాగుండేది.

ఆ వారంలోనే పాత ఇనుము ధరకి బండి కొంటానని ఒకాయన వచ్చాడు. నాన్న ఆలోచనలో పడ్డాడు. “మూడు వారాలు ఆగు నాన్నా. ఇకనుంచి ఒక్క సామానూ మార్చొద్దు. ఆగిపోయినప్పుడల్లా రాసుకుందాం” అన్నాను. “రాస్తే స్టార్టవుద్దేంట్రా?” అన్నాడు గాని, కాదనలేదు.

రాసుకోవడం అనేది నేను కనిపెట్టిన విద్యేం కాదు. మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ 1897లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచే రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరాన్ని వైద్యులు ఆ వచ్చే వేళల్ని బట్టి గుర్తుపట్టేవారు. వచ్చిపోయే రోగానికి అది వచ్చే తీరే మొదటి సాక్ష్యం.

నోటుబుక్కులో గళ్ళు గీశాను. తేదీ, వేళ, ఇంజను చల్లగా ఉందా వేడిగా ఉందా, బరువుందా ఖాళీయా, వానా ఎండా, చప్పుడు ఎలాంటిది, హెడ్‌లైట్లు ఎలా వెలిగాయి, చివరికి దేనివల్ల స్టార్టయింది. ఇరవై రోజుల్లో ఏడుసార్లు ఆగింది. చల్లగా ఉన్నప్పుడూ ఆగింది, వేడిగా ఉన్నప్పుడూ ఆగింది. బరువుతోనూ ఆగింది, ఖాళీగానూ ఆగింది. ఆ గళ్ళు కొట్టేశాను. మిగిలినవి రెండు. ఏడుసార్లూ చప్పుడు ఒక్క “టక్” మాత్రమే, బ్యాటరీ నీరసించినప్పుడు వచ్చే “టకటక” కాదు. ఏడుసార్లూ తాళం తిప్పి పట్టుకున్నా లైట్లు తగ్గలేదు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే లైట్లు గుడ్డిదీపాలు కావాలి. అంటే బ్యాటరీలో బలం ఉంది. అది సెల్ఫ్‌కి చేరడం లేదు.

ఆఖరి గడి నింపిపెట్టింది ఆ క్లీనరు కుర్రాడే. సంతలో కనిపిస్తే అడిగాను. “తోయక్కర్లేదండీ. గేర్లో పెట్టి బండిని రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఊపితే చాలు, తాళానికి అందుకుంటాది. నేనలాగే చేసేవోణ్ణి. నాన్నగారికి చెప్పాను గానండీ, వినిపించుకోలేదు” అన్నాడు. ఆ వెంటనే ఇంకో మాట అన్నాడు: “యాక్సిలరేటరు కేబులు ఈ ఏడు రెండుసార్లు మార్చాం కదండీ, రెండుసార్లూ దాని పైతొడుగు కాలినట్టుంది.”

ఇక్కడ కొంచెం ఫిజిక్సు చెప్పక తప్పదు. ఒకప్పుడు బండ్లకి ముందు హేండిలు పెట్టి తిప్పేవారు. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టరు 1912 మోడలు కాడిలాక్ కార్లలో వచ్చాక ఆ శ్రమ తప్పింది. కాని మనిషి భుజం చేసే పని కరెంటు చేయాలంటే చాలా కరెంటు కావాలి. మా బండిలాంటి డీజిల్ ఇంజనుకి రెండువందల ఆంపియర్లు సులువుగా లాగుతుంది. వెళ్ళిన కరెంటు వెళ్ళినట్టే బ్యాటరీకి తిరిగి రావాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. ఇంజనేమో అదురు తెలియకుండా రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పారదు. అందుకని ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య ఓ అల్లిన రాగి పట్టీ వేస్తారు. దాన్నే ఎర్త్ పట్టీ అంటాం.

ఆ పట్టీ దగ్గర 0.02 ఓమ్ నిరోధం చేరిందనుకోండి. ఓమ్ మహాశయుడు 1827లో ప్రచురించిన లెక్క ప్రకారం 200 ఆంపియర్లకి అక్కడే 4 వోల్టులు పోతాయి. పన్నెండులో మూడో వంతు. అదే నిరోధం గుండా నాలుగు ఆంపియర్ల దీపం వెలిగిస్తే పోయేది 0.08 వోల్టు. కంటికి తేడాయే తెలియదు. మిస్త్రీ పెట్టే టెస్టు లాంపు లాగేది అంతకన్నా తక్కువ. అందుకే అది ప్రతిసారీ చక్కగా వెలిగి, అంతా బాగుందని చెప్పేది. ఆ లోపం బరువు పడితేనే బయటపడే లోపం.

మరి కాలిన కేబులు మాటేమిటి? తన దారి మూసుకుపోతే కరెంటు ఇంకో దారి చూసుకుంటుంది. ఇంజనునీ బాడీనీ కలిపే ఇనుప తీగ యాక్సిలరేటరు కేబులు. సన్నటి ఆ తీగ గుండా అంత కరెంటు వెళ్ళబోతే వేడెక్కదా మరి? బండిని ఊపినప్పుడు ఇంజను రబ్బరు దిమ్మల మీద అటూ ఇటూ కదిలి, వదులైన పట్టీ మళ్ళీ ఆనుకునేది. తోసినా జరిగేది అదే. అదే మాకు రెండు మూడు రోజుల ఆరోగ్యం.

ఇది నా ఊహ. రుజువు చేయాలంటే బండి ఆగినప్పుడే చేయాలి. ఎనిమిదోసారి ఇంటి ముందే ఆగింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని మల్టీమీటరు తెచ్చాను. గేరు న్యూట్రల్లో ఉందనీ, హేండ్‌బ్రేకు వేసి ఉందనీ చూసుకుని నాన్నని తాళం తిప్పమన్నాను. బ్యాటరీ రెండు కొనల మధ్య 12 వోల్టులు తగ్గలేదు. తరువాత మీటరు ఓ తీగ బ్యాటరీ నెగెటివ్ కొన మీద, రెండోది ఇంజను ఇనుము మీద పెట్టాను. అక్కడ అర వోల్టు కూడా దాటకూడదు. తాళం తిప్పగానే 7 దాటింది. జంపర్ కేబులు ఒకటి తెచ్చి నెగెటివ్ కొన నుంచి ఇంజనుకి తగిలించి “ఇప్పుడు తిప్పు” అన్నాను. తిప్పాడో లేదో ఇంజను అందుకుంది. నాన్న సీట్లోంచి దిగలేదు. ఆపి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆపి, మళ్ళీ తిప్పాడు.

బండి కిందికి దూరి చూస్తే పట్టీ ఉంది. పైనుంచి చూస్తే నిక్షేపంలా ఉంది. బోల్టు విప్పాక తెలిసింది. దాని కింద తుప్పు, పచ్చటి చిలుము. అల్లికలో సగం పోగులు తెగి వేలాడుతున్నాయి. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి పక్కన పెట్టి, బోల్టు చోటు ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త పట్టీ బిగించి, పైన గ్రీజు పూశాం. మళ్ళీ మీటరు పెడితే 0.2 వోల్టు. ఏడాది పొడుగునా మార్చిన సామాన్లన్నిటిలో ఇదే చవక. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

ఆ సాయంకాలం నాన్న చొక్కా వేసుకుని ఎక్కడికో బయల్దేరాడు. ఎక్కడికని అమ్మ అడిగితే చెప్పలేదు. గంట తరువాత క్లీనరు కుర్రాణ్ణి సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నాన్న మాత్రం “వాడికి టిఫిను పెట్టు” అని అమ్మతో అని, చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

మిత్రులారా, మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పాత బండ్లు ఉండవచ్చు. సెల్ఫ్ అప్పుడప్పుడు మొరాయిస్తే వెంటనే సామాన్లు మార్చకండి. ముందు లైట్లు వేసి తాళం తిప్పి చూడండి. లైట్లు పూర్తిగా తగ్గిపోతే బ్యాటరీనీ దాని కొనల్నీ చూడండి. తగ్గకపోతే కరెంటు వెళ్ళే దారినీ, వచ్చే దారినీ, రెండిటినీ కొలవండి. వచ్చే దారిని చాలామంది మరిచిపోతారు. బండి ఆగి ఉన్నప్పుడే, తాళం తిప్పి ఉన్నప్పుడే కొలవండి. బాగున్నప్పుడు కొలిస్తే బాగానే ఉందని తెలుస్తుంది, అంతే.

ఇంకొక్క మాట. ఆ బండితో రాత్రింబవళ్ళు గడిపే మనిషి ఎవరైనా ఉంటే, వాణ్ణి పనిలోంచి తీసెయ్యకముందే ఓసారి అడగండి.