వాదం, జల్పం, వితండం: ఒక నియమావళి రచనానుభవం



సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని ఒక శివాలయంలో అర్చకత్వం నిర్వహిస్తూ నాకు ముప్పది సంవత్సరాలు కావస్తున్నది. రామచంద్రాపురంలోని భెల్ కర్మాగారం, ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం, ఇక్రిశాట్, లెక్కకు మిక్కిలిగా ఉన్న ఔషధ రసాయన పరిశ్రమలు, వీటి నిమిత్తం దూరప్రాంతాల నుండి వచ్చి స్థిరపడినవారే మా భక్తులలో అధికులు. శ్రీకాకుళం వారూ, రాయలసీమ వారూ, మంజీరా తీర గ్రామాల వారూ ఒకే ప్రదక్షిణ పథంలో నడుస్తారు. స్మార్తులున్నారు, వైష్ణవులున్నారు, వీరశైవులున్నారు. దైవమందు విశ్వాసం లేకపోయినా తల్లిని తోడ్కొనివచ్చి మెట్ల మీద కూర్చుండే యువకులూ ఉన్నారు.

వీరిలో పది పన్నెండుమందికి స్వంత బ్లాగులున్నవి. భక్తులలో ఒక యువ ఇంజనీరు ఈ వ్రాతలన్నీ ఒకచోట కనబడేటట్లు ఒక సంకలినిని ఏర్పరచినాడు. ఎవరి రచన వారి ఇంటనే ఉంటుంది. శీర్షికా, మొదటి నాలుగు పంక్తులూ మాత్రం ఉమ్మడి పుటలో దర్శనమిస్తాయి. అంతా సిద్ధమైన పిమ్మట అతడు నా వద్దకు వచ్చి, "పంతులుగారూ, ఇందులో ఏవి రావచ్చునో, ఏవి రాకూడదో మీరు నాలుగు నియమాలు వ్రాసి ఇవ్వండి. మీ మాటైతే అందరూ వింటారు" అన్నాడు. ఆ చివరి వాక్యం నాకు తీయగా వినబడినది. అనర్థబీజం అందులోనే ఉన్నదని అప్పుడు గ్రహించలేదు.

తెలుగువారికి ఇటువంటి సంకలినులు క్రొత్త కావు. కూడలి, జల్లెడ, హారం, మాలిక అనే పేర్లతో తెలుగు బ్లాగులను ఒకచోట చేర్చిన ప్రయత్నాలు మునుపే జరిగినవి. ఈ పేర్లను విచారించినకొద్దీ నాకు ఆశ్చర్యం కలుగుతుంది. కూడలి అన్నప్పుడు నాలుగు దారులవారూ కలిసే చోటు. అక్కడ ఎవరినీ ఆపరు. జల్లెడ అన్నప్పుడు కొంత నిలుస్తుంది, కొంత జారుతుంది. హారమన్నా మాలిక అన్నా పువ్వుల మధ్య ఒక సూత్రం ఉండితీరాలి. నియమావళి వ్రాయువాడు మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఈ పేర్లలోనే ఉన్నది. మనం కట్టుతున్నది కూడలియా, జల్లెడయా, మాలికయా?

నేను ఈ ప్రశ్న వేసుకొనలేదు. ఒక రాత్రి పవళింపు సేవ ముగించి వచ్చి, ఏకాసనం మీద ఏడు నియమాలు వ్రాసివేసినాను. వాటిలో మొదటిది ఇది: "దేవతా, దేవాలయ, ఆచార నింద గల రచనలకు తావు లేదు." కార్యనిర్వాహక సభ్యులందరూ హర్షించినారు. నేనూ సంతృప్తుడనై నిద్రించినాను.

మూడు వారాలలో పరీక్ష వచ్చినది. నక్కవాగు గట్టున ఉన్న ఒక పల్లెలో పుట్టి, ఒక రసాయన కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడుగా పనిచేయు యువకుడు ఒక వ్యాసం వ్రాసినాడు. అతని తాత కాలంలో గ్రామదేవత బోనానికి నీరు నక్కవాగు నుండే తెచ్చేవారట. నేడు ఆ నీట కాలు పెట్టుటకు పశువు కూడా వెనుదీస్తున్నదట. ఆ వాగు మంజీరలో కలిసేది. వాగును చెరిపిన ధనం ఎవరి ఇంట చేరినదో వారి పేర్లే మన ఆలయ మంటపపు రాతిమీద చెక్కి ఉన్నవనీ, అర్చకుడు వారి గోత్రనామాలను సంకల్పంలో అందరికంటె ముందుగా, అందరికంటె బిగ్గరగా చదువుతాడనీ వ్రాసినాడు. చివర ఒక ప్రశ్న వేసినాడు: మనం పుచ్చుకొనే తీర్థం ఏ నీటిది?

ఆ అర్చకుణ్ణి నేనే.

ఆ రాత్రి నలుగురు సభ్యులు నాకు ఫోను చేసినారు. "మీ మొదటి నియమం ప్రకారమే తీసివేయవచ్చు" అన్నారు. ఇంజనీరు మాత్రం, "మీరు చెప్పినట్లే చేస్తాను" అని ఊరకున్నాడు. నాకు కోపం వచ్చిన మాట దాచను. ముప్పది సంవత్సరాల అర్చకత్వం మీద ఒక బాలుడు బురద చల్లినాడనిపించినది. "తీసివేయుము" అని సందేశం వ్రాసి, పంపకుండా, తెల్లవారి అభిషేకమైన తరువాత చూతమని ఫోను ప్రక్కన పెట్టినాను.

ఉదయం బిందె చేతబట్టుకొని గర్భాలయం వెనుకకు వెళ్ళినాను. అక్కడ రెండు కుళాయిలున్నవి. ఒకటి ఆలయపు బోరుది, మరొకటి మంజీరా నీటిది. బోరు నీరు అభిషేకానికి తగదని ఎన్నో ఏండ్ల క్రితమే నిశ్చయించినవాణ్ణి నేనే. ఆ నీటితో కడిగిన రాగి చెంబుకు ఒక రంగు పట్టేది, ఎంత తోమినా పోయేది కాదు. ఆ సంగతి భక్తులెవరికీ చెప్పలేదు. అడిగినవారు లేరు. ఆ యువకుడు వ్రాసినది నా చేతులకు ఎప్పుడో తెలుసు. నా నియమం నిందను ఆపలేదు. నేను ఎరిగిన సత్యాన్ని మరొకరి నోట వినకుండా నన్ను కాపాడుతున్నది, అంతే.

అదే వారంలో మరొక రచన వచ్చినది. మా ఆలయాన్నీ, శివభక్తినీ, నన్నూ కూడ శ్లాఘిస్తూ వ్రాసినది. ఆ శ్లాఘన మధ్యలో వైష్ణవుల ఊర్ధ్వపుండ్రాన్ని హేళన చేసి, ఒక ఆచార్యుని వాక్యాన్ని సందర్భం నుండి త్రుంచి, దానికి ఆయన కలలోనైనా ఉద్దేశించని అర్థాన్ని కట్టబెట్టినాడు రచయిత. ఒక్క ఫోను రాలేదు. నా ఏడు నియమాలనూ అది సుఖంగా దాటిపోయినది.

అప్పుడు గాని నాకు చిన్ననాటి పాఠం జ్ఞప్తికి రాలేదు. గౌతముని న్యాయసూత్రాలు కథను, అనగా ఇద్దరి మధ్య జరిగే విచారాన్ని, మూడు విధాలుగా విభజిస్తాయి. ప్రమాణ తర్కాలతో తన పక్షాన్ని నిలిపి, పరపక్షాన్ని విమర్శిస్తూ తత్త్వనిర్ణయం కోసం చేసేది వాదం. గెలుపు కోసం ఛల జాతి నిగ్రహస్థానాలను కూడ ఆయుధాలుగా పట్టేది జల్పం. తనదంటూ ఒక పక్షాన్ని స్థాపించక, ఎదుటివాని పక్షాన్ని పడగొట్టుటే పనిగా పెట్టుకొన్న జల్పం వితండం. ఈ విభాగంలో ఒక విశేషం గమనించండి. ఎవరు ఏ సిద్ధాంతం పట్టినారన్న ప్రశ్నే ఇక్కడ లేదు. ఎట్లు మాట్లాడినారన్నదే ప్రశ్న.

ఛలానికి వాత్స్యాయన భాష్యం ఇచ్చే దృష్టాంతం పాఠశాలలో మమ్ము నవ్వించేది. "ఈ బాలుడు నవకంబళుడు" అని ఒకడంటాడు, క్రొత్త కంబళి కలవాడని అతని భావం. "తొమ్మిది కంబళ్ళెక్కడ? ఉన్నది ఒక్కటే కదా!" అని ఎదుటివాడు ఆక్షేపిస్తాడు. నవ శబ్దానికి రెండర్థాలుండుటే అతనికి ఆధారం. మా ఆలయాన్ని శ్లాఘించిన రచన చేసిన పని సరిగ్గా ఇదే. కార్మికుని వ్యాసంలో ఛలం లేదు. అతనికి ప్రత్యక్షం ప్రమాణంగా ఉన్నది. పక్షమూ ఉన్నది: దాతల పేర్లు చెప్పునప్పుడు వాగు పేరు కూడ చెప్పవలెననీ, ఆలయంలో వాడే నీటిని పరీక్ష చేయించి ఫలితాన్ని పలక మీద వ్రాయవలెననీ అతడు కోరినాడు. నాకు చేదుగా ఉన్నది వాదం. తీయగా ఉన్నది వితండం.

మన పూర్వులు పరమతాన్ని ఎట్లు చేర్చుకొన్నారో చూడండి. మాధవాచార్య విరచితమని ప్రసిద్ధమైన సర్వదర్శనసంగ్రహం 14వ శతాబ్దపు గ్రంథం. అది చార్వాకునితో ఆరంభమవుతుంది. వేదాన్నీ, పరలోకాన్నీ, మా వంటి పురోహితుల జీవికనూ ఎగతాళి చేసిన చార్వాకునికి ఒక వేదాంతి తన గ్రంథంలో మొదటి అధ్యాయం ఇచ్చినాడు. అతని మాటను అతని బలంతోనే చెప్పినాడు. తరువాత బౌద్ధ, ఆర్హత దర్శనాలు వస్తాయి. "నిందకు తావు లేదు" అన్న నా మొదటి నియమంతో ఆ గ్రంథం మా సంకలినిలోకి వచ్చియుండునా? తొలి పుటలోనే ఆగిపోయేది.

మన తెలంగాణంలోనే మరొక దృష్టాంతమున్నది. ఈ ప్రాంతంలో కవులే లేరన్న ఆక్షేపానికి సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినారు. అందులో 354 మంది కవులు చోటు చేసుకొన్నారు. ఆయన చేతిలోని జల్లెడ కన్నులు సన్ననివైతే ఆ సంచిక ఉద్దేశమే వ్యర్థమయ్యేది. చేర్చుటకు పూనుకొన్నవాడు వదలుటకు కారణం చెప్పవలెనే గాని, చేర్చుటకు కారణం వెదుకరాదని ఆ సంచిక నాకు నేర్పినది.

అట్లని తలుపులన్నీ తెరచి కూర్చుండవలెనా? దీనికి సమాధానం శాస్త్రంలో కంటె ముందుగా మా ఊరిలోనే దొరికినది. అనేక కర్మాగారాల వ్యర్థజలాన్ని ఒకచోట చేర్చి శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రంలో పనిచేసి విరమించిన భక్తుడొకడున్నాడు. అతడు చెప్పినాడు: "అయ్యగారూ, అక్కడ నీటిని బాగుచేసేది యంత్రం కాదు, కంటికి కానరాని సూక్ష్మజీవులు. ట్యాంకరు గేటు వద్దకు రాగానే నమూనా తీసి ఆమ్లం ఎంత, గాఢత ఎంత అని చూస్తాము. మితిమీరిన ఆమ్లంతో ఒక్కటి లోపలికి పోయినా ఆ జీవులు చచ్చిపోతాయి. తరువాత మంచి ట్యాంకరు వచ్చినా శుద్ధి జరుగదు. అందుకే ఎవరి ట్యాంకరని అడుగరాదు. ఏమున్నదని మాత్రమే అడుగవలె. కొలత కూడ ముందుగానే అందరికీ తెలిసి ఉండవలె."

ఎవరిదని గాక ఏమున్నదని చూచుట, కొలత ముందుగా ప్రకటించుట, అందరికీ ఒకే కొలత ఉండుట. నా ఏడు నియమాలలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. చదువరుల పరస్పర విశ్వాసమే ఒక సంకలినికి ఆ సూక్ష్మజీవుల వంటిది. అది చచ్చిన తరువాత ఎంత ఉత్తమ రచన వచ్చినా దాన్ని ఎవరూ స్వీకరించే స్థితిలో ఉండరు.

పాత నియమావళిని ఉపసంహరించి, ఐదు నియమాలతో క్రొత్తది వ్రాసినాను. ఒకటి, ఏ సిద్ధాంతమైనా రావచ్చు, ఆస్తికమైనా నాస్తికమైనా. రెండు, ఖండించదలచినవాడు ఎదుటివాని మాటను మొదట యథాతథంగా అనువదించవలె. మూడుమార్లు చెప్పినా ఎదుటివాని మాటను తిరిగి చెప్పలేకపోవుట అననుభాషణమనే నిగ్రహస్థానమని గౌతముడే అన్నాడు. మూడు, శ్రుతి అనీ స్మృతి అనీ పేరు చెప్పినచోట స్థలం చూపవలె. నాలుగు, కర్మను విమర్శించవచ్చు గాని, మనిషి జన్మను, కులాన్ని, శరీరాన్ని, ఇంటి స్త్రీలను స్పృశించరాదు. ఐదు, ఏదైనా రచనను ఆపినచో ఏ నియమం ప్రకారమో రచయితకు వ్రాతపూర్వకంగా చెప్పవలె, అతని సమాధానం వినవలె. తన గూర్చిన రచన మీద నిర్ణయం చేయు అధికారం ఎవరికీ ఉండరాదు, అర్చకునికి సైతం.

కార్మికుని వ్యాసం నిలిచినది. ఊర్ధ్వపుండ్రాన్ని హేళన చేసినవానికి రెండవ నియమం చూపి సవరించమన్నాము. అతడు కోపించి వెళ్ళిపోయినాడు. నన్ను శ్లాఘించినవాణ్ణి పోగొట్టుకొన్నాననే చింత ఒక పూట ఉన్నది. సభ్యులలో ఇద్దరు నాతో మాటలు తగ్గించినారు. మంటపపు దాతలలో ఒకరు ఈ ఏడు మహాశివరాత్రికి రాలేదు. నీటి పరీక్షకు సభ్యులు ఇంకను అంగీకరించలేదు. కాని పూజకు వాడేది బోరు నీరు కాదు, మంజీరా నీరని నేనే పలక మీద వ్రాసిపెట్టినాను.

తరువాత నెల రోజులకు ఇంజనీరు నా వద్దకు వచ్చి, కొంచెం సంకోచిస్తూ, "పంతులుగారూ, మీ పాత వ్యాసం ఒకటి మూడవ నియమం దగ్గర ఆగినది" అన్నాడు. చూచినాను. "ఉపనిషత్తు చెప్పుచున్నది" అని వ్రాసి ఒక వాక్యం ఉదాహరించినాను. రెండు రాత్రులు వెదకినాను. ఏ ఉపనిషత్తులోనూ దొరకలేదు. అది ఎవరో చెప్పగా విన్న సుభాషితం. ఇరువది ఏండ్లుగా ఎందరి ఎదుటనో శ్రుతి అని చెప్పుచున్నాను. వ్యాసం ఉపసంహరించి, దోషాన్ని ఒప్పుకొని, సవరించి మరల పంపినాను. అప్పుడు గాని ఆ నియమం నిజంగా నియమమని నాకు నమ్మకం కలుగలేదు.

ఋగ్వేదం పదవ మండలంలో డెబ్బది ఒకటవ సూక్తం జ్ఞానాన్ని గూర్చినది. అందు రెండవ మంత్రం, ధీరులు పిండిని జల్లెడ పట్టినట్లు మనస్సుతో వాక్కును శోధించినారని చెబుతుంది. ఆ మంత్రాన్ని బాల్యం నుండి వల్లిస్తున్నాను. ఉత్తరార్ధంలో ఏమున్నదో ఇప్పుడు గాని మనస్సు పెట్టి చూడలేదు. అట్లు శోధించిన వాక్కునందే మిత్రులు మైత్రిని గుర్తిస్తారని అక్కడ ఉన్నది. జల్లెడ ప్రయోజనం పారవేయుట కాదు, మైత్రి. అటుక మీద జల్లెడ దాచి అవసరమైనప్పుడు ఇతరుల పిండి మీద పట్టేవానికి ఆ మైత్రి దొరకదు. మొదటి పిడికెడు తన ఇంటి పిండే కావలె.

మొన్న ప్రదోష పూజకు ఆ కార్మిక యువకుడు వచ్చినాడు. గర్భాలయం ముందు నిలబడి చేయి చాపినాడు. తీర్థం పోసినాను. "మంజీరా నీళ్ళే కదా పంతులుగారూ?" అన్నాడు చిరునవ్వుతో. అవునన్నాను.

స్వస్తి.