ఆటల పనికి వెళ్లిన బాపు

2002 డిసెంబరులో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగాయి. అప్పుడు నేను ఆరో తరగతి. ఆ ఏడాది ఎండాకాలంలోనే మా తండా నుంచి పది పన్నెండు జంటలు నగరానికి పనికి వెళ్లాయి. ఆటల కోసం రోడ్లు వేస్తున్నారని, చేతినిండా పని ఉంటుందని గుంపు మేస్త్రీ చెప్పాడు. పాలమూరు వాళ్లకు వలస కొత్త కాదు. కానీ "ఆటల పని" అన్న మాట కొత్తగా, గొప్పగా అనిపించింది. నన్ను నాయనమ్మ దగ్గర వదిలి బాపు, యాడి వెళ్లారు.

ఇద్దరూ కంకర మోశారు. రాత్రి లైట్లు పెట్టి కూడా పని చేయించేవాళ్లట. ఆటలు మొదలుకాక ముందే రోడ్డు పూర్తయింది, పనీ అయిపోయింది. అడ్వాన్సు పోను, మేస్త్రీ రోజుకూలిలో పట్టుకున్న వాటా పోను, చేతికొచ్చింది కొంచెమే. "పని చూపించినోడు ఆ మాత్రం తీసుకోడా?" అన్నాడు బాపు. నేనూ అంతే అనుకున్నాను.

బి.ఎడ్. చదివేటప్పుడు 1982 ఢిల్లీ ఆసియా క్రీడల కేసు చదివాను. అక్కడ నిర్మాణ కూలీలకు రోజుకు 9.25 రూపాయలు రావాలి. జమాదార్లు మనిషికి ఒక రూపాయి కోసుకునేవాళ్లు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు ఆ ఏడాదే తీర్పు చెప్పింది. అంటే బాపు కంకర మోయడానికి ఇరవై ఏళ్ల ముందే!

ఇంటికెళ్లి చెప్పాను. బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ రూపాయి మనదేనా?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆయనకు ఎంత రావాలో, ఎంత కోశారో రాసిన లెక్క మేస్త్రీ పుస్తకంలోనే ఉండిపోయింది.

పెద్ద ఆటలు వస్తే ఉపాధి వస్తుందంటారు. వస్తుంది, కాదనను. ఆ ఏడాది మా ఇంట్లో పొయ్యి వెలిగింది దానితోనే. కానీ ఆ ఉపాధికి ఆటల తేదీయే గడువు. ఆ తర్వాత మా తండాలో ఒక్కరికీ ఆ మైదానాల్లో ఉద్యోగం రాలేదు. అందుకే ఎంతమందికి పని దొరికిందన్న ఒక్క లెక్క చాలదు. ఎన్ని నెలలు దొరికింది, కూలి ఎవరి చేతికి వెళ్లింది అన్నవి కూడా అడగాలి.

ఇప్పటికీ మా తండాలో ఇంటర్ అయిన పిల్లలు పనికి పోతున్నారు. పోయేముందు వాళ్లకొక చిన్న నోటుబుక్కు ఇస్తున్నాను. తేదీ, పనిచేసిన గంటలు, చేతికొచ్చిన డబ్బు ఏ రోజుకారోజు రాసుకోమంటున్నాను. మన లెక్క మన దగ్గర ఉండాలి.